రాజీనామా మంజూరు

గుఢియారీ, రాయపూర్
4 నవంబర్ 2001

బావా,

కుశలం ముందు రాయమని నాన్న నా వెనకాలే నిలబడి హుకుం జారీ చేస్తున్నారు. మేం బాగున్నాం, మీరూ బాగుండే ఉంటారు. అయిపోయింది. ఇప్పుడు అసలు సంగతి. కంప్యూటర్ కొన్నాను!

ఆగు, తిట్టకు. విడిభాగాలు తెచ్చి నేనే బిగించాను. చిన్నప్పుడు వేసవి సెలవులకి మీ ఊరొస్తే మనిద్దరం మీ నాన్న రేడియో విప్పేసి, మళ్ళీ బిగించేసరికి గుప్పెడు మరలు మిగిలిపోయాయి గుర్తుందా? వాటిని దొడ్లో పాతిపెట్టాం. ఈసారి ఒక్కటీ మిగల్లేదు. రైల్వేలో సిగ్నల్ తీగలతో ఇన్నేళ్ళు కాపురం చేసినందుకు ఆ మాత్రం రాకపోతే ఎలా?

టెలిఫోన్ తీగ మోడెంకి తగిలిస్తే ముందు కీచుమంటుంది, తర్వాత గరగరమంటుంది, గొంతులో ముల్లు ఇరుక్కున్న పిల్లిలా. ఆ గోల ఆగిందంటే ప్రపంచమంతా మన ముందుగదిలో ఉన్నట్టే. నిన్న ఒక పేజీ తెరుచుకునేలోగా మా ఆవిడ శ్రీలక్ష్మి కుక్కర్ ఎక్కించి దించేసింది కూడా. "ఇంతసేపూ ఏం చూశారు?" అంది. లండన్‌లో వాన పడుతోందని చెప్పాను. "మన డాబా మీద బట్టలున్నాయి, ఇక్కడా మబ్బు పట్టింది, అవి తెచ్చి పెట్టండి" అంది. ఆడవాళ్ళకి టెక్నాలజీ అంటే బిల్కుల్ గౌరవం లేదు బావా.

మా రాష్ట్రానికి మొన్న ఏడాది నిండింది. చౌరస్తాలన్నీ లైట్లతో మెరిసిపోయాయి. మధ్యప్రదేశ్‌లో పడుకుని ఛత్తీస్‌గఢ్‌లో నిద్రలేచిన జనం మేం. నీ ముద్దుల మేనమామ మాత్రం ఇప్పటికీ ఉత్తరాల మీద మధ్యప్రదేశ్ అనే రాస్తున్నారు. పోస్టుమాన్‌కి తెలుసులే అంటారు.

నీ పేరున ఒక ఈమెయిల్ చిరునామా తెరిచాను. మీ రేడియో రిపేరు షాపు పక్కనే నెట్ సెంటర్ వచ్చిందన్నావుగా, వెళ్ళి చూసుకో. వివరాలు వెనకవైపు రాశాను. మా ప్రీతికి ఈ ఏడు నుంచే మంచి శిక్ష ఇప్పిస్తున్నాం, అత్తకి చెప్పు. చెల్లెల్ని చూసి ఎన్నాళ్ళయిందోనని నాన్న రోజూ గొణుగుతున్నారు. "దాలమ్మని రైలెక్కించమని రాయి" అంటున్నారు. ఎక్కించు మరి.

ఈశ్వర్

*

పార్వతీపురం
20 నవంబర్ 2001

ఒరేయ్ బావా,

నీ కంప్యూటర్‌కి దిష్టి తగలకుండా ఒక నిమ్మకాయ కట్టు. మా ఊళ్ళో టీవీలే సరిగ్గా పనిచెయ్యవు, అందుకే నా పొయ్యి మండుతోంది. అవన్నీ బాగైపోతే నేనేం తినాలి?

నీ ఉత్తరం ఎప్పట్లాగే అమ్మకి చదివి వినిపించాను. ప్రీతి సంగతి దగ్గర నా నోరు పడిపోయింది. నాలుగేళ్ళ పిల్లకి శిక్ష ఇప్పిస్తున్నావేంట్రా దుర్మార్గుడా అనుకున్నాను. అమ్మ పడీపడీ నవ్వింది. "ఓరి ఎర్రోడా, ఆళ్ళకాడ శిచ్చంటే సదువురా" అంది. ఎంతైనా మీ రాయపూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగి, పెళ్ళయ్యాక ఇటొచ్చిన మనిషి కదా. మీ హిందీ తెలుగుకి మా ఇంట్లో ఆవిడే దుబాసీ.

నెట్ సెంటర్‌కి వెళ్ళాను. నీ మెయిల్ వచ్చి కూర్చుంది. కానీ ఇదేం రాతరా? ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు! మామయ్యకి పాలు మాన్పించారో పళ్ళు పీకించారో ఎంత తలకిందులుగా చదివినా తేలలేదు. పంపితే తెలుగుని తెలుగు అక్షరాల్లో పంపు. లేదంటే ఇన్‌ల్యాండ్ కవరుకి ఏం రోగమొచ్చింది?

పంట నూర్పులైపోగానే అమ్మని తీసుకొస్తాను. అన్న పేరు వింటే చాలు, వయసు సగమైపోతుంది ఆవిడకి.

నాగబాబు

*

గుఢియారీ
11 జూన్ 2004

బావా,

సాధించాను! తెలుగు అక్షరాల సీడీ ఒకటి హైదరాబాద్ నుంచి తెప్పించాను. ఏ మీట నొక్కితే ఏ గుణింతం వస్తుందో నేర్చుకునేసరికి ప్రాణం కడబట్టింది. 'క్ష' కోసం ఒక ఆదివారమంతా పోయింది. కానీ బావా, తెర మీద మొదటిసారి మన 'అ' కనబడినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది, నిజం. హిందీ బడిలో చదివి, నాన్న దగ్గర పలక మీద తెలుగు నేర్చుకున్నవాణ్ణి. ఆయన్ని పిలిచి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, "వత్తు కొంచెం వంకరగా ఉంది" అన్నారు. మెచ్చుకోవడం ఆ వంశంలోనే లేదు.

నీకు పంపేముందు నాకు నేనే ఒక మెయిల్ పంపుకుని చూసుకున్నాను. ఏక్‌దమ్ ముత్యాల్లా వచ్చింది. ఇకమీదట నీకు అన్నీ తెలుగులోనే.

పోయినసారి అత్త వచ్చి వెళ్ళినప్పటి నుంచి నాన్న ఆవిడ చేసిన చింతకాయ పచ్చడే కలవరిస్తున్నారు. దగ్గు కొంచెం ఎక్కువైంది. కంగారేం లేదు, వాన తగ్గితే పోతుందన్నాడు డాక్టరు.

ఈశ్వర్

*

పార్వతీపురం
6 సెప్టెంబర్ 2004

ఈశ్వర్‌కి,

మామయ్య పోయిన కబురు మా ఇంటికి ఎలా చేరిందో తెలుసా నీకు? తెలుసుకో.

వానలకి మా షాపు ఫోను చచ్చి పడి ఉంది. నిజమే, ఒప్పుకుంటాను. ఆ మధ్యాహ్నం పనిలేక నెట్ సెంటర్‌కి వెళ్తే నీ మెయిల్ కనిపించింది. తెరిస్తే నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, మధ్యమధ్య ఖాళీ డబ్బాలు. నెట్ సెంటర్ ఆయన చూసి "వైరస్సండీ బాబూ" అని చెరిపేశాడు. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను, నీ మేనల్లుడు తెలుగు పంపుతానని డబ్బాలు పంపాడే అని. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆవిడ అన్నం తింటూ నవ్వింది ఈశ్వర్. అదే వేళకి అక్కడ మీరు ఆవిడ అన్నకి నిప్పు పెట్టి తిరిగొచ్చి ఉంటారు.

మూలన అశుభం అని రాసిన మీ కార్డు పెద్దకార్యం కూడా అయిపోయాక వచ్చింది. చదివి అక్కడే చింపేశాను. ఇంట్లోకి వెళ్ళి ఆవిడకి ఎలా చెప్పానో నాకే తెలీదు.

అమ్మ ఏడవలేదు. అదే నాకు భయంగా ఉంది. వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చి కూర్చుని, ఏడ్చెయ్యి దాలమ్మా, గుండె తేలికవుతుంది అన్నారు. "మా యన్న కోసం మా యన్న గుమ్మంలో ఏడవాల. ఇక్కడేడిస్తే ఎవులికి?" అని కొయ్యబారిపోయి కూర్చుంది. తీసుకెళ్తానంటే, "పిలవని ఇంటికి నానెందుకెల్తాను, చెల్లెలు కావాలనుకుంటే కబురెట్టుండేవోరు" అంది.

ఒక తంతి ఇస్తే నీ సొమ్మేం పోయేది? నీ సరదా కోసం మా అమ్మకి అన్న ఆఖరి చూపు లేకుండా చేశావు. ఇంకేం రాయను.

నాగబాబు

*

గుఢియారీ
15 సెప్టెంబర్ 2004

బావా,

నీ ఉత్తరం చదివాక ముద్ద దిగడం లేదు. తప్పించుకోవడానికి కాదు కానీ జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాన్న తెల్లవారుతుండగా పోయారు. మీ షాపుకి ఎన్నిసార్లు చేసినా ఇటు మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్ళు లేరు. తంతి కొట్టరా అని అమ్మ అంది. నేనే వినలేదు. తంతి రేపటికి చేరుతుంది, మెయిల్ ఈ క్షణమే చేరుతుంది అన్నాను. నువ్వు రోజూ చూసుకుంటావని నా పిచ్చి నమ్మకం. ఇంటినిండా జనం, ముందుగదిలో నాన్న, ఆయన తలవైపు మూలన కంప్యూటర్. అందరూ వింతగా చూస్తుంటే కూర్చుని టైపు చేశాను. మామయ్య పోయిన మాట నువ్వు ఆ ఇంగ్లీషు అక్షరాల్లో కూడబలుక్కుని చదవకూడదనిపించింది బావా. నీకు తెలుగులోనే చెప్పాలనిపించింది. నా దగ్గరున్న అక్షరాలు నువ్వు చూసే కంప్యూటర్లోనూ ఉంటేనే కనిపిస్తాయని నాకు తెలీదు. నాకు నేనే పంపుకుని చూసుకున్నవాణ్ణి, ఎలా తెలుస్తుంది? జవాబు రాకపోతే దారిలో ఉన్నారేమో అనుకున్నాను. అత్త కోసం ప్రతి బండికీ స్టేషన్‌కి మనిషిని పంపాను. ఎవరూ దిగకపోతే, మీకు కోపమేమోనని మాకే బాధేసింది. కార్డు అందరితో పాటు మీకూ వేశాం.

గొడవ పెంచుకోవద్దు బావా. నేను రాజీనామాకి తయారుగా ఉన్నాను. నువ్వు ఏ షరతు పెట్టినా నోరెత్తను. మంజూరు అని ఒక్క ముక్క రాయి చాలు, నా నెత్తి మీద బరువు దిగిపోతుంది. అత్తకి నా దండాలు.

ఈశ్వర్

*

పార్వతీపురం
4 అక్టోబర్ 2004

ఈశ్వర్‌కి,

నీ రాజీనామా మంజూరు. షరతులేమీ లేవు.

నాగబాబు

*

గుఢియారీ
13 అక్టోబర్ 2004

నా బంగారు బావా!

నీ కార్డు చదివి ప్రాణం లేచొచ్చింది. ఇంత తొందరగా, ఒక్క షరతు కూడా లేకుండా మంజూరు చేస్తావని కలలో కూడా అనుకోలేదు. నీ మనసు పెద్దది. అమ్మకి చదివి వినిపిస్తే కళ్ళు తుడుచుకుంది. శ్రీలక్ష్మి దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఇంట్లో చావు జరిగిన ఏడాది కదా అని ఎవరేమనుకున్నా సరే అని, దగ్గరివాళ్ళకి మాత్రం పేడాలు పంచాను. మా రైల్వే గార్డు ఒకాయన మీవైపు వస్తుంటే మీకూ ఒక డబ్బా ఇచ్చి పంపాను, అందిందా? అత్త నోట్లో మొదటి ముక్క నువ్వే పెట్టు. ఈ రాజీనామా వల్ల ఇంటిల్లిపాదికీ ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మొబైల్ ఫోను కొన్నాను. ఇటుకంత ఉంటుంది, కానీ డాబా ఎక్కితే చక్కగా వినిపిస్తుంది. నంబరు కింద రాశాను. అత్త ఎప్పుడు రావాలనుకుంటే అప్పుడు చెయ్యి, నేనే వచ్చి తీసుకొస్తాను. పిలవాలా ఏంటి, అది ఆవిడ పుట్టిల్లు.

నీ ఈశ్వర్

*

గుఢియారీ
2 మార్చి 2007

బావా,

ఎన్ని ఉత్తరాలు వేశానో నాకే లెక్క లేదు. ఒక్కదానికీ జవాబు లేదు. పోయిన నెల ఫోన్ చేస్తే "రాంగ్ నంబర్" అని పెట్టేశావు. గొంతు నీదే, నన్ను మోసం చెయ్యలేవు. అంతా సుఖంగా రాజీనామా అయిపోయాక మళ్ళీ ఈ కోపమేంటి? నేనేం తప్పు చేశాను?

ఒక మంచి మాట చెప్తాను. ఇప్పుడు యూనికోడ్ అని వచ్చింది. ప్రపంచంలో ఏ మూల రాసినా ఏ మూల చదివినా 'అ' అంటే 'అ'యే. డబ్బాలు రావు. ఇంటర్నెట్‌లో తెలుగువాళ్ళు బ్లాగులు రాసుకుంటున్నారు, నేనూ ఒకటి మొదలెట్టాను. ఏ ఫోను మంచిది, ఏ మెమరీ కార్డు నకిలీ, దేశంలో ఏం జరుగుతోంది, నోటికొచ్చిందల్లా రాస్తాను. ముక్కూమొహం తెలియనివాళ్ళు మెచ్చుకుంటున్నారు. నువ్వు చదవకపోయాక ఎంతమంది చదివితే ఏం?

ఈశ్వర్

*

పార్వతీపురం
19 మార్చి 2007

రాజీనామా చేసి వెళ్ళినవాడు మళ్ళీ డ్యూటీకి ఎందుకొస్తున్నట్టు?

నాగబాబు

*

గుఢియారీ
6 అక్టోబర్ 2016

బావా,

నీ ఆఖరి కార్డు నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఏ డ్యూటీ? ఎవరు వెళ్ళారు? నేను ఇంకా అదే ఆఫీసులో ఉన్నాను, అదే కుర్చీ. నాకు ఉద్యోగం పోయిందని నీకెవరైనా చెప్పారా?

ఇవాళ చిరునామా రాయడానికి కూర్చుంటే చెయ్యి దానంతటదే రాసేసింది. దేవేంద్ర నగర్‌లో ఉచిత ఇంటర్నెట్ సిమ్ము కోసం పొద్దుటినుంచి క్యూలో నిలబడి వచ్చాను. రోజంతా సినిమాలు చూసినా తరగదట. ఇంటికొచ్చి ఫోన్లో పెట్టి, ఎవరితో మాట్లాడదామా అని పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాను. వందలమంది ఉన్నారు. రోజూ గుడ్ మార్నింగులు పంపేవాళ్ళే. రేడియో విప్పి మరలు పాతిపెట్టినవాడు మాత్రం లేడు.

ఆ మోడెం గోల వినాలనిపిస్తుంది బావా ఒక్కోసారి. ఇంటర్నెట్‌లో వెతికితే ఎవరో ఆ చప్పుడు రికార్డు చేసి పెట్టారు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. వెనకాల నిలబడి కుశలం ముందు రాయమనే మనిషి లేకుండా అది ఉత్త రొద.

పోయిన ఏడు డ్యూటీ మీద మీ స్టేషన్ దాటి వెళ్ళాను. బండి ఆగింది. తలుపు దగ్గర నిలబడ్డాను. దిగుదామని ఒక మెట్టు దిగాను కూడా. రాంగ్ నంబర్ అన్నవాడి గుమ్మం ఎలా ఎక్కను అని రోషం అడ్డొచ్చింది. బండి కదిలింది.

అత్త ఎలా ఉంది? అదొక్కటైనా రాయి. ఇంకేం అడగను.

ఈశ్వర్

*

పార్వతీపురం
25 ఆగస్టు 2019

బావా,

ఈ పిలుపు రాయడానికి పొద్దుటినుంచి మూడు కాగితాలు నలిపి పారేశాను. ముందు అడిగినదానికి జవాబు. అమ్మ బతికే ఉంది. గట్టిగా ఉంది. నన్ను తిట్టడానికి సరిపడా ఓపిక ఉంది.

మా అమ్మాయి అమూల్యకి మీ నయా రాయపూర్‌లో ఇంజినీరింగ్ సీటొచ్చింది. వద్దంటే ఏడ్చింది, సరే పంపాను. మీ ఇంటి గుమ్మం తొక్కొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను. అది పోయిన వారం స్నేహితురాలి స్కూటీ మీద మందిర్ హసౌద్ వైపు వెళ్తుంటే ఒక మోటార్ సైకిల్ అతనికి తగిలించింది. ఎవరికీ ఏం కాలేదు, ఒక అద్దం పగిలింది. కానీ మాటా మాటా పెరిగి ఠాణా దాకా వెళ్ళారు. అక్కణ్ణుంచి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "నాన్నా, రాజీనామా రాసియ్యమంటున్నారు, నేనింకా చదువుకుంటున్నాను, దేనికి రాజీనామా చెయ్యాలి? కాలేజీకా?" అని.

నాకు ఒళ్ళు మండింది. స్పీకర్ పెట్టి, "ఎవడే నిన్ను రాజీనామా చెయ్యమన్నది? ఫోన్ వాడికియ్యి!" అని అరిచాను. పక్కన మంచం మీద అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తకుండానే, "ఎందుకురా అలా కేకలేస్తావు, రాజీనామా అంటే రాజీ పడిపొమ్మని. ఇద్దరూ సంతకం ఎట్టేసి ఎవులింటికి ఆళ్ళు పొమ్మంటన్నాడు. పోలీసోడు మంచోడే" అంది.

బావా, నా చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. అమూల్య హలో హలో అంటూనే ఉంది.

నువ్వు రాజీనామాకి తయారన్నావు. మేనత్త, బావ వద్దు, ఈ బంధుత్వానికే రాజీనామా ఇస్తున్నానంటున్నాడు, పైగా బరువు దిగిపోతుందట అని చదువుకున్నాను నేను. రోషంకొద్దీ మంజూరన్నాను. దానికి నువ్వు దీపం పెట్టామనీ పేడాలు పంచామనీ రాశావు! ఆ డబ్బా మూత కూడా తియ్యకుండా వీధికుక్కలకి పెట్టించాను. మమ్మల్ని వదిలించుకున్నందుకు పండగ చేసుకుంటున్నాడు పాపిష్టివాడు అనుకున్నాను. శిక్ష అంటే చదువన్న సంగతి తెలిసినవాణ్ణే. కోపంలో ఉన్నవాడికి అవన్నీ ఎక్కడ గుర్తొస్తాయి?

ఆ సాయంత్రం అమ్మ ముందు కూర్చుని అంతా చెప్పాను. నీ ఉత్తరాలన్నీ చదివి వినిపించాను. ఆవిడ చేతిలో చేట పక్కన పెట్టి, "మరి ఆడు మంచిగానే రాసినాడు కదరా. రమ్మని కూడా రాసినాడు. నాకెందుకు సదివి ఇనిపించనేదు?" అంది. నువ్వు బాధపడతావని దాచానమ్మా అన్నాను. "దాస్తే దాసినావు, ఏటి దాస్తన్నావో అదన్నా తెలుసుకుని దాయాల కదా!" అంది. అంతే. తర్వాత నాతో మాట్లాడ్డం మానేసింది. అన్నం పెడుతుంది, మాట లేదు.

నిన్న పొద్దున్న లేచేసరికి సంచీ సర్దుకుని కూర్చుంది. మా యన్న ఇంటికి ఎల్తాను అంటోంది. అమూల్య దీపావళికి ఇంటికొస్తుంది, తిరిగి వెళ్ళేటప్పుడు దానితో పంపుతాను. నేను రాను. నీకు చూపించడానికి నా దగ్గర మొహం లేదు.

నాగబాబు

*

గుఢియారీ
3 సెప్టెంబర్ 2019

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. శ్రీలక్ష్మికి సగం చదివి వినిపించి కాగితం ఆవిడ చేతిలో పెట్టేశాను, మిగతాది ఆవిడే చదువుకుంది. నీ మంజూరు కార్డు పట్టుకుని నేనెంత సంబరపడ్డానో తలుచుకుంటే సిగ్గుగా ఉంది. అమ్మ బతికుంటే మనిద్దర్నీ గోడకుర్చీ వేయించేది. ఆవిడ పోయినప్పుడు కూడా నీకు కార్డు వేశాను బావా. నువ్వు తెరిచి ఉండవులే.

అత్త కోసం ఇంటికి సున్నం వేయిస్తున్నాను. గోడంత టీవీ తెచ్చాను, తెలుగు ఛానళ్ళన్నీ వస్తాయి. నీతో రోజూ చూస్తూ మాట్లాడ్డానికి ఒక ట్యాబ్ కొన్నాను. వేడినీళ్ళ మిషను, రాత్రి లేస్తే దానంతటదే వెలిగే దీపం, అన్నీ పెట్టించాను. నువ్వూ రా. మొహం లేకపోతే వీపు చూపించు, చాలు.

ఈశ్వర్

*

గుఢియారీ
5 నవంబర్ 2019

బావా,

అత్త వచ్చింది. ఫోన్లో చెప్పొచ్చు, కానీ ఇది ఫోన్లో చెప్పే మాట కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

స్టేషన్‌లో దిగగానే నా గడ్డం పట్టుకుని చూసింది. "ముసిలోడివైపోనావురా" అంది. దారంతా కబుర్లే. ఇక్కడ చింతచెట్టుండేది, అక్కడ బట్టల కొట్టుండేది అని అమూల్యకి చూపిస్తూ వచ్చింది. ఆటోవాడితో ఛత్తీస్‌గఢీలో బేరమాడితే వాడు బిత్తరపోయాడు. నేను ముందు సీట్లో కూర్చుని, టీవీ ముందు చూపించాలా ట్యాబ్ ముందు చూపించాలా అని ఆలోచిస్తున్నాను. నా బుద్ధి నీకు తెలుసుగా.

గుమ్మం దగ్గరికి రాగానే ఆవిడ సంచీ బయటే పెట్టింది. శ్రీలక్ష్మి నీళ్ళిస్తే పుచ్చుకోలేదు. "మా యన్నని ఎక్కడ పడుకోబెట్టినార్రా?" అంది.

ముందుగదిలో అని చూపించాను. అక్కడ ఇప్పుడు నా బల్ల, రెండు కంప్యూటర్లు, ప్రింటరు, తీగల గుట్ట ఉన్నాయి. "తియ్యి" అంది. నేనూ అమూల్యా తీగలన్నీ పీకేసి బల్ల పక్కకి జరిపాం. ఏదో పడి పగిలింది, చూడలేదు. తల ఎటువైపు అని అడిగింది. చెప్పాను. అటువైపు వెళ్ళి నేల మీద కూర్చుంది, జుట్టు ముడి విప్పుకుంది, నేలని రెండు చేతులా తడిమింది.

అప్పుడు ఏడ్చింది బావా. మీ వైపు ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారే, అలా. ఓ యన్నా, ఓ రామన్నా, నీ చెల్లెలొచ్చినాను లెగరా అని. నాన్న తనని భుజాన ఎక్కించుకుని పట్టాల వెంట తిప్పడం, పెళ్ళిలో బండెక్కించి వెనకాలే పరుగెత్తడం, అన్నీ ఒక్కొక్కటీ వరసగా చెప్పుకుని ఏడ్చింది. ఆ డెబ్బై దాటిన గొంతు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. శ్రీలక్ష్మి వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుని తనూ మొదలెట్టింది. నేనూ నేల మీద కూర్చుండిపోయాను. నాన్న పోయిన రోజు ఫోన్లు, మెయిళ్ళు, ఏర్పాట్లు అని తిరుగుతూనే ఉన్నాను. ఆయన పక్కన అసలు కూర్చోనే లేదు. నిన్న కూర్చున్నాను.

ఇంతలో ఎదురింటి ప్రేమ్‌చంద్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెనకాల ఇంకో నలుగురు. "కా హోగే భయ్యా? కోన్ గుజర్ గే?" అన్నాడు రొప్పుతూ, ఏమైంది, ఎవరు పోయారని.

"బాబూజీ" అన్నాను.

అతను తెల్లబోయాడు. నాన్న పాడె మోసినవాళ్ళలో అతనొకడు. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది కదా అన్నాడు.

"అవును. మా అత్తకి కబురు ఇప్పుడే అందింది" అన్నాను.

ప్రేమ్‌చంద్ చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి గోడవారగా కూర్చున్నాడు.

నువ్వూ రా బావా.

ఈశ్వర్